ఒంటరిగా దోనె నడిపేవారికి బరువు సర్దుకోవడం ఎవరు నేర్పుతారు?

సంపాదకులు గారికి నమస్కారం.

కృష్ణా పవిత్ర సంగమం వద్ద 2017 నవంబరు 12న, గోదావరిలో కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న జరిగిన ఘోర ప్రమాదాల తరువాత, పడవల భద్రత గురించి ఎవరు మాట్లాడినా ఎంతమంది ఎక్కారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా అనే రెండు ప్రశ్నల చుట్టూనే మాట సాగుతోంది. ఆ ప్రశ్నలు అవసరమైనవే. అయితే కొల్లేటి చుట్టుపక్కల మా ఊళ్లలో తెల్లవారగానే మేత బస్తాలు వేసుకుని చేపల చెరువులోకి వెళ్లే మనిషి ఒక్కడే వెళతాడు. అతని దోనె తిరగబడేది చాలాసార్లు బరువు ఎక్కువై కాదు, ఉన్న బరువు ఉండవలసిన చోట లేకపోవడం వల్ల. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఇద్దరు నడిపే దోనెలో ముందొకరు, వెనకొకరు కూర్చుంటారు కనుక బరువు దానంతటదే సరిపోతుంది. ఒక్కడే ఉన్నప్పుడు అలవాటు కొద్దీ వెనుక కొసన కూర్చుంటాడు. వెంటనే వెనుక భాగం నీటిలోకి దిగి, ముందు భాగం పైకి లేస్తుంది. చూడటానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, దీనివల్ల రెండు చెరుపులు జరుగుతాయి. దోనె నడుమ వెడల్పుగా, కొసల వద్ద సన్నగా ఉంటుంది; ముందు సగం నీటిని వదిలేస్తే, ఆ వెడల్పు పక్కకు ఒరగకుండా ఇచ్చే ఆసరా చాలావరకు పోతుంది. పైకి లేచిన ముందు కొసను ఎదురుగాలి తెరచాపను పట్టినట్టు పట్టి, దోనెను అడ్డం తిప్పుతుంది. అడ్డం తిరిగిన దోనెకు అల పక్క నుంచి తగులుతుంది.

పొలానికి నీరు తోడేందుకు మన పెద్దలు తొక్కిన ఏతం గుర్తున్నవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. ఏతం మాను మీద మనిషి రెండడుగులు ముందుకు నడిస్తే ఒక కొస దిగుతుంది, వెనక్కి నడిస్తే రెండో కొస దిగుతుంది. 60 కిలోల మనిషి దోనె నడుమకు 5 అడుగుల వెనుక కూర్చుంటే, అతనికి సాటి రావాలంటే నడుమకు 6 అడుగుల ముందు 50 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు రెండు ఉండాలి. బస్తాలు లేనినాడు మనిషే నడుమకు జరిగి, సరిగ్గా మధ్యకు కొద్దిగా వెనుకగా, వీలైతే మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయాలి. ఎదురుగాలిలో ముందు భాగం పిసరంత బరువుగా ఉంటే దోనె దారి తప్పదు. గాలి వెనుక నుంచి వీస్తున్నప్పుడు వెనుక భాగం పిసరంత బరువుగా ఉండటం మేలు.

చెరువు పనిలో అసలు చిక్కు మరొకటి ఉంది. బరువు ఒకచోట నిలిచి ఉండదు. చెరువులో పాతిన కర్రలకు మేత సంచులు కట్టుకుంటూ పోయేకొద్దీ ముందున్న బస్తాలు ఖాళీ అవుతాయి, మనిషి మాత్రం కూర్చున్నచోటే ఉంటాడు. నా పాతికేళ్ల వయసులో నేను పడిపోయింది సరిగ్గా అలాగే. ముందు బస్తాలన్నీ అయిపోయాయి. ఆఖరి కర్రకు సంచి కడుతూ ఒక పక్కకు వంగాను. అడుగున చేరిన నాలుగు చేదల నీరు కూడా అదే పక్కకు పారింది. దోనె నన్ను విసిరేసింది. ఆ కర్రే చేతికి దొరకకపోతే, మోకాలి దాకా దిగబడే ఆ బురదలో ఏమయ్యేవాడినో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పటి నుంచి మా చెరువుల్లో ముందు నుంచి ఒక బస్తా, వెనుక నుంచి ఒక బస్తా వాడుతున్నాం. నీరు అడుగున చేరగానే తోడేస్తున్నాం. సంచి కట్టేటప్పుడు వంగడం కాదు, దోనెనే కర్ర పక్కకు తీసుకురావాలని పనివారికి పదేపదే చెబుతున్నాం. నిలబడి గెడ వేసేవారు గెడ బురదలో ఇరుక్కున్నప్పుడు దాన్ని పట్టుకుని వేలాడకుండా వదిలేయాలి. గెడను తరువాత తెచ్చుకోవచ్చు.

రెండు దోనెలు జతకట్టిన సంగడం వాడిన కాలంలో పక్కకు ఒరిగే భయం ఇంతగా లేదు. ఇప్పుడు ఉప్పుటేరు మీదా, కాలువల్లోనూ ఒంటి దోనెకే చిన్న మోటారు బిగిస్తున్నారు. మోటారు బరువు, ఇంధనం డబ్బా బరువు, నడిపే మనిషి బరువు మూడూ వెనుకే చేరతాయి. వేగం పెంచిన కొద్దీ వెనుక భాగం ఇంకా దిగుతుంది. ఒక్కసారిగా వేగం తగ్గిస్తే మనం లేపిన అలే వెనుక నుంచి వచ్చి లోపల పడుతుంది. డబ్బాను ముందుకు జరిపి, కదలకుండా కట్టాలి. మోటారును తిప్పే పిడికి పొడవాటి గొట్టం ఒకటి గట్టిగా బిగిస్తే మనిషి నడుమకు దగ్గరగా కూర్చుని నడపగలడు. పడిపోతే మోటారును ఆపే తాడు మణికట్టుకు ఉండి తీరాలి, ఎందుకంటే ఒంటరివాడు నీళ్లలో పడితే మోటారును ఆపేవాడు దోనెలో ఉండడు. పిడి ఒక పక్కకు తిరిగిపోతే ఆ దోనె చుట్టూ తిరిగి అతని మీదికే రావచ్చు.

మత్స్యశాఖ వారు చెరువు రైతులకు నీటి పరీక్షల గురించీ, తెగుళ్ల గురించీ సదస్సులు పెడుతుంటారు. అందులో ఒక గంట పనివారిని కూడా పిలిచి, చెరువు గట్టునే ఒక దోనెను నీటిలో పెట్టి, బస్తాలు అటూ ఇటూ జరిపి చూపించమని కోరుతున్నాను. మోటార్లు అమ్మేవారు బిగించి డబ్బు తీసుకుని వెళ్లిపోకుండా, కొన్న మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి, ముందు కొస ఎంత లేస్తున్నదో గట్టు మీది నుంచి చూసి సరిచేసి వెళ్లాలి. తమ పత్రిక ఆక్వా రైతుల వార్తలు వేసేచోట, బస్తాలు ఎక్కడ ఉండాలో, మనిషి ఎక్కడ కూర్చోవాలో తెలిపే బొమ్మ ఒకటి ప్రచురిస్తే, దాన్ని కత్తిరించి మా చెరువు మకాం గోడకు నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక చేపల చెరువు రైతు,
ఆకివీడు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా