రుజువు తీయాల్సింది ఎవరు, తెమ్మంటున్నది ఎవర్ని?

సంపాదకుడు గారికి నమస్కారం,

టీకా వల్ల నష్టపోయినవాళ్లకి ప్రభుత్వం పరిహారం ఇవ్వాలనే మాట ఎత్తగానే కొందరు అసలు టీకాలే వద్దంటారు, ఇంకొందరు పరిహారం ఇస్తే జనం భయపడి టీకాలు మానేస్తారంటారు, ఈ గొడవలో నష్టపోయిన మనిషి గురించి మాట్లాడేవాళ్లే ఉండరు. నేను నా పిల్లలకి అన్నీ టైముకి వేయించాను, రేపు మనవలకీ వేయించమనే చెప్తాను.

మా పెద్దమ్మ మనవడికి పసితనంలో పోలియో చుక్కలు వేశాక కొద్ది రోజులకి కుడి కాలు చచ్చుబడింది. చుక్కల మందులో ఉండేది బలహీనం చేసిన వైరస్సే గానీ బతికున్నదే, సుమారు 27 లక్షల డోసులకి ఒకరికి దానివల్ల పక్షవాతం రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ఒక్కడు మావాడేనా కాదా అనేది ఈరోజుకీ మాకు తెలీదు. ఎందుకంటే ఏ వైరస్ వల్లో తేలాలంటే కాలు పడిపోయిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు మలం శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాలి, అది ఎవరూ తీయలేదు. ఆస్పత్రిలో జ్వరం నీరసం అన్నారు, తర్వాత ఇంజెక్షన్ నరానికి తగిలిందేమో అన్నారు, అలా నెల గడిచిపోయింది. టీకా కార్డు మీద తేదీ ఉంది, ఏ తయారీలోని మందో చెప్పే బ్యాచ్ నంబర్ లేదు. తర్వాత పరిహారం అడగబోతే చుక్కల వల్లే అని రుజువుందా అన్నారు. తీయాల్సినవాళ్లు తీయకుండా వదిలేసిన రుజువు ఆ తల్లి ఎక్కడ్నుంచి తెస్తుందండీ?

అమెరికాలో 1986లో చేసిన చట్టంలో ఒక పట్టిక ఉంది, ఏ టీకాకి ఎన్ని రోజుల్లో ఏ లక్షణం వస్తే అది టీకా వల్లేనని అనుకోవాలో అందులో ఉంటుంది, వేరే కారణం ఉందని ప్రభుత్వం చూపిస్తే తప్ప కుటుంబం రుజువు చేయక్కర్లేదు. డబ్బు టీకాల మీద వేసిన పన్ను నుంచే వస్తుంది, ఒక డోసు ఎన్ని జబ్బుల్ని ఆపుతుందో, ఒక్కో జబ్బుకి 75 సెంట్లు చొప్పున. పశ్చిమ జర్మనీలో అయితే 1961 నుంచే పరిహారం చట్టం ఉంది, దానివల్ల అక్కడ టీకాలేమీ ఆగిపోలేదు.

బ్రిటన్ పద్ధతి మాత్రం నాకు నచ్చదు. 1979 చట్టం అది, ఇప్పుడు ఒకేసారి 1,20,000 పౌండ్లు ఇస్తారు, కానీ వైకల్యం 60 శాతం ఉండాలి, 55 ఉంటే పైసా రాదు. మావాడికి క్యాలిపర్ వేశారు, అంటే కాలికి ఊతగా కట్టే చట్రం, మోకాలి దగ్గర లెదర్ పట్టీ ఒరుసుకుని పుండు పడితే వాళ్లమ్మ పాత గుడ్డ మడతపెట్టి కట్టేది, కాలు ఎదిగేకొద్దీ క్యాలిపర్ పొట్టైపోయేది, మళ్లీ కొలతలు, మళ్లీ కొత్తది, మళ్లీ ఖర్చు. ఒక్కసారి చేతిలో పెట్టే డబ్బు ఎంత పెద్దదైనా ఇలాంటివాటికి ఎన్నేళ్లు వస్తుంది? జపాన్‌లో లాగా వైద్యం ఖర్చూ, వైకల్యానికి పెన్షనూ ఇవ్వడమే న్యాయం.

ఊళ్లో అంటురోగం రాకూడదని అందరి కోసం వేసే మందు ఇది, దాని నష్టం ఒక్క ఇంటి మీద వదిలేయడం అన్యాయం. కార్డు మీద బ్యాచ్ నంబర్ రాయడం, శాంపిల్ టైముకి తీయడం ప్రభుత్వం బాధ్యతగా చట్టంలో ఉండాలి, అవి లేకపోతే ఆ అనుమానం వల్ల వచ్చే లాభం కుటుంబానికే దక్కాలి. గడువు కూడా చూడాలి, అమెరికాలో మొదటి లక్షణం కనిపించిన 3 ఏళ్లలోపు అర్జీ పెట్టాలి, మావాళ్లకి ఆ 3 ఏళ్లూ ఆస్పత్రుల చుట్టూ తిరగడానికే సరిపోయాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు