పడమటి ఒడ్డు కొమ్మలు కొట్టించకండి

పురపాలక శాఖ మంత్రి గారికి,
నమస్కారం.

మా చెరువు సుందరీకరణ రెండో విడతకు ఈ నెలాఖరులో టెండరు పిలుస్తారట. పోయినేడు తూర్పు ఒడ్డున వాకింగ్ ట్రాక్ వేశారు. బాగుంది, రోజూ నేనూ నడుస్తున్నాను. కాకపోతే దానికోసం నీళ్ల మీదికి వంగిన కానుగ కొమ్మలన్నీ కొట్టేశారు, అదీ జూలైలో. ఒక కొమ్మకు కోడిగుడ్డంత తెల్లటి నురగ ముద్ద అంటుకుని ఉంది. కూలీ ఒకాయన "ఏదో పురుగు గూడు సార్" అంటూ చీపురుతో తోసేశాడు.

అది చెట్టు కప్ప గూడు. ఆ కప్పను మీరూ చూసే ఉంటారు. వానాకాలం రాత్రుళ్లు బాత్రూం గోడకు కాళ్లు ముడుచుకుని అతుక్కుని ఉంటుంది (మా అమ్మ దాన్ని చూస్తే స్నానం మానేసేది). మూడంగుళాలకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలుంటాయి, నున్నటి టైల్స్ మీద కూడా జారదు. తొడల వెనక పసుపు చుక్కలు కాలు చాపితేనే కనబడతాయి. 1830లోనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు.

గుడ్లు మాత్రం నీళ్లలో పెట్టదు. ఒంట్లోంచి వచ్చే ద్రవాన్ని వెనక కాళ్లతో మజ్జిగలా చిలికి, ఆ నురగలో పెడుతుంది. పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొద్ది రోజులకు తోకకప్పలు గూట్లోంచి కిందికి జారిపడతాయి. కింద నీళ్లుంటే బతుకుతాయి, సిమెంటుంటే అంతే సంగతి.

ఇదేమీ అరుదైన జాతి కాదు. అంతరించిపోయేవాటి జాబితాలో లేదు. అందుకే దీనికోసం ఎవరూ ఫైలు కదపరు. దేశమంతా ఉంది కదా అంటారు. మా తూర్పు ఒడ్డున మాత్రం ఈ ఏడాది వానల్లో ఒక్క గూడూ నా కంటబడలేదు.

పని ఆపమనడం లేదు. పడమటి ఒడ్డున తుమ్మలూ, జమ్మూ మిగిలాయి. అక్కడ ట్రాక్‌ను పదడుగులు వెనక్కి జరపండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొమ్మల మీద కత్తి పడకుండా చూడండి. చెట్లకోసం 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, మా ఎస్టిమేటులో మాత్రం కొమ్మల ఊసే లేదు.

ఇంజనీరు గారిని అడిగాను. మంచివారే. "పైనుంచి కాగితం వస్తే జరుపుతాను మాస్టారూ" అన్నారు. ఆ కాగితం కోసమే ఈ లేఖ.

ఇట్లు,
చెరువు కట్ట వీధిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరు