ఆకుపచ్చ దస్తీ, మన కోరా బట్ట

ఏమే దోస్తూ, ఎట్లున్నవ్?

మొన్న ఫోన్‌లో "ఆడవాళ్ల ఆపరేషన్లకూ నీ కుట్టుపనికీ సంబంధమేంది" అని అడిగావు కదా, షాపు నిండా జనం ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం, ఓపిగ్గా చదువు.

హన్మకొండలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మాకు మగ్గం వర్క్ జాకెట్లు రాత్రి దాకా నడుస్తాయి. నలుగురు ఒకే మగ్గం చుట్టూ కూర్చుంటారు, చూపంతా సూది మీదే, ఎవరి ముఖం ఎవరూ చూడక్కర్లేదు, అందుకేనేమో సొంత అక్కకు కూడా చెప్పనివి అక్కడ చెప్పేస్తారు. ఒకామెకు ముప్పై నిండకముందే గర్భసంచి తీసేశారు, ఎందుకు తీశారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఇంకొకామె మూడో కడుపు వద్దనుకుని ఒక ఆసుపత్రికి వెళ్తే "మీ ఆయన సంతకం కావాలి" అని వెనక్కి పంపారు, చివరికి ఎవరో ఇచ్చిన మాత్రలు మింగి, రక్తం పోయి, చావు దాకా వెళ్లొచ్చింది.

చట్టంలో మొగుడి సంతకం అనే మాటే లేదే! 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండితే ఆమె ఒప్పుకోలు ఒక్కటే చాలు. 2021 సవరణ తర్వాత, చట్టం చెప్పిన కారణాలుంటే 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది, కొందరికి ఇద్దరు డాక్టర్ల మాటతో 24 వారాల దాకా వీలుంది. ఆ కొందరిలో పెళ్లికాని ఆడవాళ్లు కూడా ఉన్నారని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇదంతా కరపత్రం వేసి పంచామనుకో, దాన్ని ఇంటికి తీసుకెళ్లడానికే భయపడతారు. అదే కుట్టిన బట్టయితే ఎవరూ అనుమానపడరు.

అర్జెంటీనా ఆడవాళ్ల ఆకుపచ్చ దస్తీ గురించి చదివావా? 1977 నుంచి అక్కడి తల్లులు, సైనిక ప్రభుత్వం మాయం చేసిన పిల్లల కోసం తలకు తెల్ల గుడ్డ కట్టుకుని రాజధాని నడిబొడ్డున నిలబడ్డారు. ఆ గుడ్డనే తర్వాతి తరం ఆకుపచ్చగా మార్చి గర్భస్రావ హక్కు కోసం మెడకూ, చేతికీ, బ్యాగుకూ కట్టుకుంది. బస్సులో ఇద్దరు తెలియని ఆడపిల్లలు ఆ దస్తీ చూసుకుంటే చాలు, ఒకరికొకరు ధైర్యం. ఏళ్ల తరబడి కొట్లాడి, 2020 డిసెంబర్ 30న చట్టం తెచ్చుకున్నారు, 14 వారాల దాకా. 2019లో గుచ్చి అనే ఇటలీ ఖరీదైన బట్టల కంపెనీ వాళ్లు కూడా రోమ్‌లో ఒక గౌను మీద గర్భసంచిని పువ్వుల్లా ఎంబ్రాయిడరీ చేశారు. ఆ పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది, నిజం. కానీ ఆ గౌను కొనగలిగినామెను ఏ ఆసుపత్రీ వెనక్కి పంపదు. నాకు దస్తీయే నచ్చింది, ఎవరైనా కట్టుకోవచ్చు కదా.

మరి మన దగ్గర ఏ రంగు? గులాబీ, కాషాయం, ఎరుపు, నీలం, పసుపు, ఏది పట్టుకున్నా ఏదో ఒక పార్టీది. ఆకుపచ్చ అంటే ఇంకో గొడవ. అందుకే రంగు వేయని కోరా బట్ట తీసుకున్నాం. జంపఖానాలు నేసే కొత్తవాడలో ఒక పెద్దాయన "ఎందుకమ్మా" అని అడిగి, నేను చెప్పింది మొత్తం విని, నూలు ధరకే ఇచ్చాడు.

ఒక్కొక్కరికి జానెడు ముక్క. ఏం కుట్టాలో నేను చెప్పలేదు. గర్భసంచి తీసేసినామె ఉత్త గుండ్రం కుట్టి లోపల ఖాళీ వదిలేసింది. తండా నుంచి వచ్చే అమ్మాయి నాలుగు అద్దాలు పెట్టింది, నలుగురు ఆడపిల్లలట, ఐదోసారి కనమని ఇంట్లో పోరుతున్నారట. మొగుడి సంతకం అడిగించుకున్నామె మాత్రం తన పేరే కుట్టింది, ఎర్ర దారంతో, కాడ కుట్టులో, సంతకంలా వంకరగా. నేను సరిచేయబోతే వద్దంది. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది, మగవాళ్లేమో ఏ మూలకూ రారు. మగవాళ్లకు కోత కూడా లేని చిన్న ఆపరేషన్ ఉన్నా సరే! దీన్ని కూడా ఎవరో ఒకరు కుట్టాలి, నాకైతే చాలా కోపంగా ఉంది.

ముక్కలన్నీ కలిపి మార్చి 8న వేలాడదీద్దామనుకుంటున్నాం. అంచు చుట్టూ చట్టం మాటలు కుట్టాలి, అక్కడే నీతో పని. నువ్వు కరీంనగర్‌లో రోజూ ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులోనే ఉంటావు కాబట్టి, ఆడవాళ్లకు అర్థమయ్యే తెలుగులో నాలుగు వాక్యాలు రాసి, ఒక డాక్టరమ్మకు చూపించి పంపు. పొట్టిగా రాయి, ఒక్కో అక్షరానికి చాలా దారం పడుతుంది. సంక్రాంతి లోపు కావాలి.

నీ దోస్తు