మధ్యతరగతి ఆదాయం: నిలిచిపోయింది అనే ముందు

సంపాదకులకు నమస్కారం.

మధ్యతరగతి ఆదాయాలు దశాబ్దాలుగా ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయాయనే మాట ఆర్థిక వ్యాసాల్లో రుజువు అక్కరలేని సత్యంలా చలామణీ అవుతోంది. దాన్ని కాదనేవారు కూడా అంతే ధీమాగా మరో లెక్క చూపి, అసమానతల గురించిన ఆందోళన అంతా అతిశయోక్తేనని తేల్చేస్తున్నారు. ఇరుపక్షాలూ ఒకే ప్రశ్నకు జవాబిస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, ఆదాయం పెరిగిందా అన్నది ఒక ప్రశ్న, పెరిగిన సంపదలో వాటా ఎంత దక్కిందన్నది వేరే ప్రశ్న అని నా అభిప్రాయం.

ఈ చర్చ ఎక్కువగా అమెరికా గణాంకాల చుట్టూ తిరుగుతుంది కాబట్టి వాటినే చూద్దాం. అమెరికాలోని పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కల ప్రకారం, ధరల పెరుగుదలనూ కుటుంబ పరిమాణాన్నీ సర్దుబాటు చేసి చూస్తే, 1970 నుంచి 2020 వరకు అక్కడి మధ్యతరగతి కుటుంబాల మధ్యగత ఆదాయం (ఆదాయ క్రమంలో పేరిస్తే సరిగ్గా నడుమనుండే కుటుంబం ఆదాయం) సుమారు 50 శాతం పెరిగింది. సగటున ఏడాదికి ఒక శాతం కూడా పడని ఈ పెరుగుదలను నత్తనడక అనవచ్చు గానీ స్తంభన అనలేము. అదే కాలంలో పై తరగతి ఆదాయం 69 శాతం పెరిగింది. దేశంలోని కుటుంబాల మొత్తం ఆదాయంలో మధ్యతరగతి వాటా మాత్రం 62 శాతం నుంచి 42 శాతానికి పడిపోయింది. ఆ తరగతిలో జనమే తగ్గారు కదా అనవచ్చు. నిజమే, 1971లో వయోజనుల్లో 61 శాతంగా ఉన్నవారు 2021 నాటికి 50 శాతమయ్యారు. కానీ జనం 11 పాయింట్లు తగ్గితే ఆదాయ వాటా 20 పాయింట్లు తగ్గింది. ఆ 11 పాయింట్లలో ఏడు పై తరగతికి, నాలుగు కింది తరగతికి చేరాయి. మధ్యతరగతి కరిగిపోతోందని రాసేవారు ఆ ఏడింటినీ, అందరూ పైకే వెళ్లారని రాసేవారు ఆ నాలుగింటినీ ప్రస్తావించరు.

లెక్క ఎక్కడ మొదలుపెట్టామన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. అమెరికాలో కుటుంబాల మధ్యగత ఆదాయం 1999లో అందుకున్న స్థాయిని మళ్లీ చేరడానికి దాదాపు ఒకటిన్నర దశాబ్దం పట్టింది. ఆ కాలాన్ని మాత్రమే చూసినవారికి స్తంభన అన్న మాట అక్షరాలా నిజం. ఏ ధరల సూచీతో సవరించామన్నదీ అంతే ముఖ్యం, ఎందుకంటే ద్రవ్యోల్బణాన్ని కాస్త ఎక్కువగా చూపే సూచీని వాడితే యాభై ఏళ్లలో పెరుగుదల గణనీయంగా తగ్గి కనిపిస్తుంది.

ఇంతకంటే చిక్కు ముడి, ఆదాయమంటే ఏమిటన్నది. ఆర్థికవేత్తలు థామస్ పికెటీ, ఇమ్మాన్యుయెల్ సాయెజ్, గాబ్రియెల్ జుక్‌మన్ 2018లో ప్రచురించిన అధ్యయనం, పన్నులకు ముందు లెక్క వేస్తే 1980 తర్వాత అమెరికా వయోజనుల్లో కింది సగం మంది ఆదాయం దాదాపు కదలలేదని చెప్పింది. మరో ఇద్దరు ఆర్థికవేత్తలు జెరాల్డ్ ఆటెన్, డేవిడ్ స్ప్లింటర్ మాత్రం, పన్నులూ ప్రభుత్వ సాయమూ కలిపి చూస్తే అగ్రస్థానంలోని ఒక శాతం మంది ఆదాయ వాటా 1960ల నుంచి పెద్దగా మారలేదని వాదించారు. పన్ను పత్రాల్లో చూపని ఆదాయాన్ని ఎవరి ఖాతాలో వేయాలన్న దగ్గరే వీరి దారులు చాలావరకు వేరయ్యాయి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆరోగ్య బీమా. ఉద్యోగి తరఫున యజమాని కట్టే ప్రీమియాన్ని ఆదాయంగా లెక్కించడం పద్ధతి ప్రకారం సబబే. అయితే వైద్యం ఖరీదు కావడం వల్ల ప్రీమియం పెరిగినప్పుడు, చేతికొచ్చే జీతం పైసా పెరగకపోయినా ఆ కుటుంబం ఆదాయం పెరిగినట్టే లెక్కకెక్కుతుంది. ఒకరి సంపాదనతో నడిచిన ఇల్లు ఇద్దరి సంపాదనతో నడిచినా కుటుంబ ఆదాయం పెరిగినట్టే కనిపిస్తుంది. పిల్లల సంరక్షణకు కొత్తగా అయ్యే ఖర్చు, ఇంట్లో తగ్గిన తీరిక ఆ అంకెలోకి రావు.

ఆదాయం పెరిగిందన్న నివేదిక చదివి కూడా మధ్యతరగతి మనిషి ఎందుకు నమ్మడో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీ 2019 నాటి నివేదికలో, మధ్యతరగతి కుటుంబాలకు ఇంటి ఖర్చు భారం 1990లలో ఆదాయంలో పావువంతు ఉండేదనీ, అది మూడోవంతుకు చేరిందనీ పేర్కొంది. టెలివిజన్ చౌకైనందువల్ల సగటు ధరల సూచీ శాంతించవచ్చు, కానీ ఇల్లు, చదువు, వైద్యం వాయిదా వేసుకోగలిగినవి కావు. ఈ మూడింటి ధరలతో పోల్చి ఆదాయాన్ని కొలిస్తే, స్తంభన అనే ఫిర్యాదులో గణాంకాలు ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ నిజం ఉందని నాకనిపిస్తుంది. అయినా ఆ ఫిర్యాదుకు సరైన పేరు వాటా తగ్గడం, భద్రత ఖరీదు కావడం. దాన్ని ఆదాయ స్తంభన అని రాసినప్పుడల్లా ఎదుటి పక్షం ఒక్క పట్టికతో కొట్టిపారేస్తుంది.

అందువల్ల మీ పత్రిక ఈ విషయంపై వ్యాసం గానీ పట్టిక గానీ ప్రచురించేటప్పుడు అది సగటా మధ్యగతమా, వ్యక్తిదా కుటుంబానిదా, పన్నుకు ముందా తర్వాతా, ఏ ఏడాది నుంచి, ఏ ధరల సూచీతో లెక్కించారన్నది కింద ఒక్క వరుసలోనైనా తెలపాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు