రాడ్ల లారీ ఎందుకు లేటవుతుందంటే

గాజువాక,
శనివారం రాత్రి

చిట్టితల్లికి,

నాన్న రాస్తున్నాను. మొన్న ఫోన్‌లో చాలా కోపంగా ఉన్నావు. మీ కాకినాడ సైటుకి పదింటికి రావాల్సిన ఇనుప రాడ్ల లారీ రెండున్నరకు వచ్చిందని, పనివాళ్లంతా ఊరికే కూర్చోవాల్సి వచ్చిందని, మీ సైటు ఇంజనీరు గారు గేటు దగ్గరే డ్రైవర్ మీద కేకలేశారని చెప్పావు. ఆ రోజుకి దించేది లేదన్నారట, అతను రాత్రంతా రోడ్డు పక్కనే ఉన్నాడట. "ఈ డ్రైవర్లు ఎక్కడో పడుకుని వస్తారు నాన్నా" అన్నావు. అని, ఒక్కసారి ఆగిపోయావు. నేనూ ఏమీ అనలేదు. కోపం వచ్చి కాదమ్మా. ఆ మాటకు జవాబు ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు.

ఆ డ్రైవర్ ఎవరో నాకు తెలీదు. మా లోకల్ బండ్లు కాకినాడ దాకా రావు. అనకాపల్లి, పరవాడ, అచ్యుతాపురం, మధురవాడ, మహా అయితే విజయనగరం, అంతే. కానీ అతని రోజు ఎలా గడిచి ఉంటుందో నాకు తెలుసు. నాదీ అలాగే గడుస్తుంది కాబట్టి.

నిన్నటి సంగతే చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచాను. మీ అమ్మ చోడంబలి బాటిల్లో పోసి ఇచ్చింది. ఐదింటికల్లా స్టీలు యార్డు గేటు దగ్గర ఉన్నాను. అప్పటికే నా ముందు పదకొండు బండ్లు. మొదట ఖాళీ కాటా, అంటే ఖాళీ బండి తూకం, వేయించాలి. తర్వాత క్రేన్ కోసం వరస. క్రేన్ ఒక్కటే, బండ్లు పన్నెండు. నా వంతు వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఈ మూడు గంటలూ నిద్రపోవచ్చు కదా అనుకుంటావేమో. వరస ఐదు నిమిషాలకోసారి కదులుతుంది. బండి ముందుకి జరపకపోతే వెనకవాడు లోపలికి దూరతాడు. స్టీరింగ్ మీద తల ఆనించి కళ్లు మూసుకుంటాం, దాన్ని నిద్ర అనలేం.

తర్వాత లోడు. నువ్వు ఈసారి సైటు దగ్గర కళ్లారా చూడాల్సింది ఇదే. నా బండికి పక్క డోర్లు ఉండవు. 40 అడుగుల పొడవున బల్లలాగా చదునుగా ఉంటుంది, ముందు కేబిన్ వైపు ఒక ఇనుప అడ్డు, పక్కల్లో గుంజలు. రాడ్డు పొడవు 12 మీటర్లు, అంటే 39 అడుగుల పైన. సరిగ్గా సరిపోతుంది. చిన్న బండ్లలో రాడ్లను మధ్యకి వంచి, మడత పెట్టి తెస్తారు. అలా వచ్చినవాటిని మళ్లీ సాపు చేసుకోవాల్సింది మీరే. వంచకుండా తిన్నగా కావాలంటే మా బండే దిక్కు. ఇదివరకు కొందరు రాడ్లు వెనక నాలుగైదు అడుగులు బయటికి వదిలి, చివర ఎర్రగుడ్డ కట్టుకుని పోయేవాళ్లు. చీకట్లో ఆ ఊచలు కనపడక వెనక నుంచి వచ్చి గుద్దుకుని ఎంతమంది చచ్చిపోయారో! 2014లో ఆ వెసులుబాటు తీసేశారు. 2019లో సవరించిన చట్టంలో అయితే లోడు బయటికి పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా అని రాశారు. నేను దాన్ని మంచి చట్టమే అంటాను.

కట్ట మీద కట్ట పెట్టేటప్పుడు మధ్యలో చెక్క దిమ్మలు వేయాలి. కింది వరస దిమ్మకి సరిగ్గా పైనే పై వరస దిమ్మ రావాలి. జానెడు అటూ ఇటూ అయినా బరువు పక్కకి పడి రాడ్లు వంగిపోతాయి. ఇనుము మీద ఇనుము ఉత్తినే జారుతుంది. వాన పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ప్రతి కట్టనీ దిమ్మల మీద సరిగ్గా పెట్టి, గొలుసులు అడ్డంగా వేసి, బిగించి, మళ్లీ చేత్తో లాగి చూస్తాను. నాకు నలభై నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాల్లో ముగించేవాళ్లు కూడా ఉన్నారు.

నేనూ ఒకప్పుడు ఇరవై నిమిషాల్లోనే ముగించేవాణ్ని. నువ్వు ఏడో క్లాసులో ఉన్నప్పుడు సరుకు కొన్న ఒక పార్టీ దగ్గర నుంచి నాలుగు ఫోన్లు వచ్చాయి, ఇంకా ఎంతసేపు అని. ఆ తొందరలో వెనక గొలుసు సరిగ్గా బిగించలేదు. షీలానగర్ దాటాక ఒక స్కూలు ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. బ్రేకు మీద నిలబడిపోయాను. బండి ఆగింది, పైనున్న రాడ్లు ఆగలేదు. ఒక కట్ట మొత్తం ముందుకి జారి నా వీపు వెనక ఉన్న ఇనుప అడ్డుని గుద్దింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అడ్డు లోపలికి సొట్ట పడింది, విరగలేదు. ఆటోలో పిల్లలకి ఏమీ కాలేదు, వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నేను కిందికి దిగి టైరు పక్కన కూర్చుండిపోయాను. చేతులు వణుకుతుంటే తాళం పట్టుకోలేకపోయాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. నీకే మొదట చెబుతున్నాను.

అప్పటినుంచి ఎవరెన్ని ఫోన్లు చేసినా నాకు నలభై నిమిషాలు కావాల్సిందే. యార్డు నుంచి ఐదారు కిలోమీటర్లు వెళ్లాక కూడా ఒకసారి ఆగుతాను. బండి కుదుపులకి లోడు సర్దుకుంటుంది, గొలుసులు వదులవుతాయి. దిగి అన్నీ మళ్లీ బిగించాలి. రోడ్డున పోయేవాళ్లకి మాత్రం డ్రైవర్ బండి ఆపుకుని కాలక్షేపం చేస్తున్నట్టే కనపడుతుంది.

లోడు కాటా అయ్యాక బరువుకి నేను ఒక లెక్క వేసుకుంటాను. నువ్వు ఫస్టియర్‌లో నేర్పిన లెక్కే. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని చెప్పావు కదా. 16 ఎంఎం రాడ్డు 12 మీటర్లకి 19 కిలోలు, 12 ఎంఎం అయితే పది కిలోల ఆరువందల గ్రాముల చిల్లర. కట్టలో ఊచలు లెక్కపెట్టి గుణించి, కాటా చీటీతో సరిచూసుకుంటాను. కాస్త తేడా సహజం. ఎక్కువ తేడా వస్తే అక్కడే చెప్పేస్తాను, లేకపోతే దింపే చోట దొంగతనం నా మీద పడుతుంది. ఇన్నేళ్లూ కాటా వాళ్లు చెప్పిందే నమ్మాను. నువ్వు చెప్పాకే నాకంటూ ఒక లెక్క వచ్చింది.

నిన్న యార్డులోంచి బయటపడేసరికి తొమ్మిదిన్నర అయింది. ఊళ్లో ఆ టైముకి పెద్ద బండ్లకి నో ఎంట్రీ. రోడ్డు వదిలేదాకా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మూడు చోట్ల దించాలి. మొదట దించేది పైన, చివర దించేది అడుగున పెట్టుకుని వస్తాం. మొదటి షాపులో ఓనరు లేరు, హమాలీలు భోజనాలకు వెళ్లారు. పైన ఉన్న సరుకు దిగితే గానీ కింది సరుకు రాదు. అక్కడ గంటన్నర పోయింది. ఆ గంటన్నర మిగతా రెండు చోట్లా నా ఆలస్యం లెక్కలోకే వచ్చింది. మూడో చోట ఒక కుర్రాడు, నీ వయసే ఉంటుంది, "ఏం బాబాయ్, ఇప్పుడా రావడం" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాకు నువ్వే గుర్తొచ్చావు.

2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. ఆ అక్టోబరులో రోజుల తరబడి సిమెంటు కరెంటు స్తంభాలు మోశాను. రోడ్లన్నీ పడిపోయిన చెట్లే. ఒక ఊళ్లో బండి మలుపు తిరగ్గానే జనం ఎదురొచ్చారు. కొమ్మలు వాళ్లే నరికి దారి ఇచ్చారు, స్తంభాలు దించడానికి భుజాలు పట్టారు. వాళ్లకే నీళ్లు లేని రోజుల్లో ఒక ముసలమ్మ చెంబుతో నాకు మంచినీళ్లు ఇచ్చింది. స్తంభాలు దిగేవరకూ ఎవరూ కదల్లేదు. అన్ని స్తంభాలు దించడానికి అరగంట కూడా పట్టలేదు.

ఇంకో నాలుగు నెలల్లో నీ ట్రైనింగ్ అయిపోతుంది. ఏదో ఒక సైటులో లోడు దించుకోమని సంతకం పెట్టేది నువ్వే అవుతావు. అప్పుడు నాకోసం కొన్ని పనులు చెయ్యి. లారీ బయల్దేరిందని ఫోన్ రాగానే దించే చోటు ఖాళీ చేయించు, సరుకు దించే క్రేన్ బండి, ఆ హైడ్రాని వేరే పనికి పంపించకు. గొలుసులు విప్పేటప్పుడు ఎవర్నీ పక్కన నిలబడనివ్వకు, దారిలో జరిగిన కట్ట ఏదైనా ఉంటే గొలుసు వదలగానే పక్కకి దొర్లుతుంది. ఇది మాత్రం ఎప్పుడూ మరచిపోకు. లారీ గేటుకి వచ్చిన టైము సరుకు చలానా మీద రాసి సంతకం పెట్టు. నువ్వు రాసిన ఆ టైము ఉంటేనే అతనికి హాల్టింగ్ డబ్బులు, అంటే బండి ఆగి ఉన్నందుకు ఇచ్చే డబ్బులు, అడగడానికి ఆధారం. చాలా చోట్ల ఆ గడి ఖాళీగానే వదిలేస్తారు. రాత్రికి ఆపాల్సి వస్తే బండి లోపల పెట్టుకోనివ్వు, బాత్‌రూమ్ ఎక్కడుందో చూపించు. రోడ్డు పక్కన పడుకుంటే డీజిల్ ఎవడు తీస్తాడో, బ్యాటరీ ఎవడు విప్పుతాడో అని ఒక కన్ను తెరిచే ఉంచాలి. పొద్దున్నే మళ్లీ ఆ కళ్లతోనే బండి నడపాలి.

ఆలస్యానికి మీ పని ఆగి నువ్వు నష్టపోయిన మాట నిజమే. కోపం రావడం తప్పని నేను అనను. ఎందుకు లేటయిందని అడుగు, తప్పకుండా అడుగు. అతను చెప్పేది పూర్తిగా విన్నాక నీకు ఏమనిపిస్తే అది అను.

వచ్చే ఆదివారం బండి సర్వీసుకి ఇస్తున్నాను, ట్రిప్పు ఉండదు. మీ అమ్మ కందిపొడి, కొత్త ఆవకాయ కట్టింది. ట్రెయిన్‌లో నేనే తెస్తాను. సైటులో ఇచ్చిన సేఫ్టీ షూ కాళ్లు ఒరుస్తున్నాయన్నావు, సైజు చెప్పు, ఇక్కడ ఆటోనగర్‌లో మంచివి దొరుకుతాయి. వచ్చాక మీ సైటు చూపించు. ఆ రాడ్లు ఎక్కడ వేశారో చూడాలనుంది.

మీ నాన్న