కుక్కలకు తీరం మూయకండి, పోటు చూసి వేళలు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

సముద్రపు ఒడ్డుకు కుక్కలను అసలు రానివ్వకూడదని కొందరు, వాటి స్వేచ్ఛకు అడ్డు చెప్పడానికి మనమెవరమని మరికొందరు మీ లేఖల శీర్షికలో కొంతకాలంగా వాదించుకుంటున్నారు. ఒక్కచోట నిలవని రెండేళ్ల కుక్కను పెంచుతూ, దానితో ఒక రోజంతా తీరం వెంట నడిచి, చేయకూడని పొరపాట్లన్నీ చేసి వచ్చినవాణ్ణి కనుక, ఆ అనుభవంతోనే ఈ లేఖ రాస్తున్నాను. నిషేధం అక్కరలేదు. అయితే బోర్డుల మీద గంటలు రాసి పెట్టి ఊరుకుంటే సరిపోదు.

మేము తీరం చేరింది తెల్లవారుతుండగా, ఆటు వేళలో. నీరు బాగా వెనక్కి పోయి, తడిసి గట్టిపడిన ఇసుక కనుచూపుమేర పరుచుకుని ఉంది. మనుషులు దాదాపు లేరు కనుక గొలుసు విప్పి వదిలాను. ఎండ్రకాయ బొరియ కనిపించిన చోటల్లా మా కుక్క ముక్కు దూర్చడం, ఇసుక పీల్చి తుమ్మడం, ఆ తుమ్ముకు తానే ఉలిక్కిపడి మళ్లీ అదే బొరియలో ముక్కు దూర్చడం చూస్తూ రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. ఇంట్లో పిలిచిన మరుక్షణం వచ్చి కాళ్ల దగ్గర కూర్చునే కుక్క సముద్రపు గాలి తగిలేసరికి తన పేరే మరిచిపోతుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

అసలు సంగతి తిరుగు ప్రయాణంలో జరిగింది. అప్పటికి పోటు వచ్చి ఒడ్డు సన్నని పట్టీలా మిగిలింది. ఆ కాస్త జాగాలోనే ఉల్లంకి పిట్టలు గుంపుగా, చాలావరకు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. మా కుక్క వాటి మీదికి ఉరికింది. గుంపంతా లేచి నీటి మీద ఒక చుట్టు తిరిగి కొంత దూరంలో వాలింది. కుక్క మళ్లీ ఉరికింది. ఇలా మూడుసార్లు జరిగింది. తప్పు కుక్కది కాదు. దాని మెడకు ఉండవలసిన గొలుసు నా భుజాన వేలాడుతోంది.

ఈ పక్షులు ఆటు వేళలో తడి ఇసుకలోని పురుగులను, చిన్న చిన్న నత్తలను ఏరుకుని తింటాయి. పోటు వచ్చి మేత నేల మునిగిపోయినప్పుడు ఒడ్డున నిలబడి విశ్రాంతి తీసుకుంటాయి. 2022లో గాడ్విట్ అనే ఒక వలస పక్షి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజుల పాటు ఎక్కడా దిగకుండా ఎగిరినట్లు దాని ఒంటికి అమర్చిన పరికరం ద్వారా నమోదైంది. వలస పక్షులు అంతంత దూరాలు ఎగరడానికి కావలసిన కొవ్వును ఇలాంటి తీరాల్లోనే కూడబెట్టుకుంటాయి కనుక, మన కుక్క సరదాకు అవి లేచిన ప్రతిసారీ ఆ నిల్వలో కొంత ఖర్చవుతుంది.

బ్రిటన్‌లో చాలా బీచ్‌లలో మే నుంచి సెప్టెంబరు దాకా కుక్కలను రానివ్వరు. అది ముఖ్యంగా సెలవులకు వచ్చే జనం కోసం పెట్టిన కట్టడి. మరికొన్ని చోట్ల ఉదయం ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా అని గంటలు పెడతారు. కానీ సముద్రం మన గడియారం చూసి నడవదు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది, అంటే రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున వేళ ఆలస్యమవుతూ పోతుంది. ఈ వారం ఉదయం 6 గంటలకు ఆటు ఉంటే, వచ్చే వారం అదే సమయానికి పోటు ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు ఇంకా పైకి వచ్చి, ఉన్న కాస్త ఒడ్డూ మునుగుతుంది. అందువల్ల ఒడ్డు విశాలంగా ఉండే ఆటు సమయంలోనే కుక్కలను రానిచ్చేలా, అనుమతి వేళలను పోటు పట్టికను (ఏ రోజు ఆటుపోట్లు ఎప్పుడో చెప్పే పట్టికను) బట్టి నిర్ణయించి, ఏ రోజువి ఆ రోజు బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. ఒక మనిషి అయిదు నిమిషాల్లో చేయగల పని ఇది. ఆటు మిట్టమధ్యాహ్నం పడితే ఆ రోజు కుక్కను ఇంట్లో ఉంచడమే మేలు. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే, కాలిన ఇసుక ముందు కాల్చేదీ వాటినే.

తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల విషయంలో మాత్రం నేను నిషేధం కోరే వారి వైపే ఉంటాను. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక గూటిలో సుమారు వంద గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్లిపోతుంది. అవి పిల్లలు కావడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ ఇసుకను తవ్వకుండా కుక్క ముక్కును ఆపగల యజమానిని నేనింకా చూడలేదు.

ఇక మాకు జరిగిన నష్టం. పారేసిన నైలాన్ దారపు చిక్కులో ఎర వాసన మిగిలిన గాలం ఒకటి మా కుక్క పెదవిలో దిగింది. లాగబోతే అరిచింది. గాలం మొనకు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది, లాగే కొద్దీ అది మాంసాన్ని పట్టుకుంటుంది. పశువైద్యుడు మత్తు ఇచ్చి, మొనను ముందుకే నెట్టి బయటికి తెచ్చి, ముల్లును కత్తిరించాక మిగతాది వెనక్కి తీశారు. అదే గాలం పరుగెత్తే పసివాడి కాలిలో దిగినా ఇంతే కథ. చేపలు పట్టే చోట దారాలు, గాలాలు వేయడానికి మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టాలి. కుక్కల వాళ్లం మేము చేయవలసింది కూడా ఉంది. కుక్క మలంతో వచ్చే కొంకిపురుగుల పిల్లలు ఇసుకలో నుంచి మనుషుల అరికాలి చర్మంలోకి చొరబడతాయి. మలాన్ని సంచిలో ఎత్తి తీసుకువెళ్లని వారికి జరిమానా వేస్తే అభ్యంతరం చెప్పవలసిన పని లేదు. ఒడ్డున ఒక మంచినీటి కుళాయి ఉంటే, దప్పికకు ఉప్పునీళ్లు తాగి దారంతా వాంతులు చేసుకునే కుక్కలు తగ్గుతాయి. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఎక్కువగా తాగితే ప్రాణం మీదికి కూడా వస్తుంది.

మా కుక్క పెదవి మానింది. పోటు పట్టిక చూసుకుని మళ్లీ తీరానికి వెళ్తున్నాం, పిట్టలు కనిపించే చోట గొలుసు దాని మెడకే ఉంటోంది. పట్టిక గురించి తెలియని వారి కోసమే ఆ బోర్డు అడుగుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు