చెడిపోతే ఎవరు బాగుచేస్తారని అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం సెలవుల్లో ఏడో తరగతికి వచ్చే మా పాపను అనంతపురంలోనే ఒక సమ్మర్ క్యాంపులో చేర్చాం. పిల్లల ఆలోచనా శక్తి పెంచుతాం, అన్నీ చేతులతో చేయిస్తాం అన్నారు, మూడు వేలు కట్టాం. చివరి రోజు మోటారుతో నడిచే చిన్న బండి తెచ్చింది. ఎట్లా చేశావమ్మా అంటే, "సార్ వైర్లు కలిపిచ్చారు, మేం స్టిక్కర్లు అంటించాం" అంది. రెండో రోజే వైరు ఊడింది, ఎక్కడ కలపాలో పాపకు తెలీదు.

అదే పాప ఆగస్టులో స్కూల్లో సైన్స్ మేడమ్ చెప్పారని వానను కొలిచే సీసా చేసింది. కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టి, పక్కన స్కేలు అంటించడం, అంతే. సీసా అడుగు చదునుగా ఉండదు కదా, మొదటి వానకే లెక్క తప్పింది. ఎందుకో మేడమ్ చెప్పలేదట, మీరే చూడండి అన్నారట. అడుగున గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టాన్నే సున్నా అనుకుంటే సరిపోతుందని రెండు రోజులకు పిల్లలే కనిపెట్టారు. తర్వాతి వానకు మా సీసాలో 9 మిల్లీమీటర్లు, పక్కింటి అబ్బాయి సీసాలో 14. మాది వేపచెట్టు కింద పెట్టడం వల్ల తగ్గిందని తెలుసుకోవడానికి ఇద్దరికీ ఒక సాయంత్రమంతా పట్టింది. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. టేపుతో కొలిస్తే మా మిద్దె 80 చదరపు మీటర్లు వచ్చింది. "నాన్నా, మన మిద్దె మీద 1,120 లీటర్లు పడ్డాయి, అవన్నీ యాడికి పోయినాయి?" అని అడిగింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడే జిల్లాలో ఒక పిల్ల ఈ ప్రశ్న అడిగితే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

స్కూళ్లలో ఇలాంటివి చేయించడానికి డబ్బులు లేవని కాదు. పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసుకునేందుకు కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో స్కూలుకు 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. కానీ సామాను పాడవుతుందని తాళం వేసి, తనిఖీకి వచ్చినప్పుడు తెరిస్తే పిల్లలకు ఏం లాభం? విరిగితే విరగనీయండి సార్. 6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మనకు పక్కనే ధర్మవరం మగ్గాలున్నాయి, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లున్నారు. చీర అంచులో ఒక బుటా రావాలంటే ఎన్ని పోగులు లేపాలో ఒక్క పూట మగ్గం దగ్గర కూర్చుంటే పిల్లలకు లెక్కలంటే భయం పోతుంది.

హెడ్మాస్టర్లకు నా విన్నపం ఒకటే. వారానికి రెండు పీరియడ్లు ఇలాంటి పనికి ఇవ్వండి, మార్కులు వద్దు, పరీక్షలు దగ్గరపడ్డాయని వాటిని లాక్కోవద్దు. తల్లిదండ్రులు కూడా క్యాంపుకు ఫీజు కట్టేముందు, పిల్లలు చేసింది చెడిపోతే ఎవరు బాగుచేస్తారని ఒక్క మాట అడగండి. సార్ చేస్తారంటే వెనక్కి వచ్చేయండి.

మా పాప ఇప్పుడు మిద్దె నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించాలని పైపుల కొలతలు తీస్తోంది. రెండుసార్లు తప్పు తీసింది, నేను సరిచేయలేదు.

- ఒక తండ్రి, రాంనగర్, అనంతపురం